నూకాలు ఫోను కంప్యూటరైన పూట

రాజులు పోయినా దర్జా పోని ఊరొకటుంది. అక్కడ చేపలమ్మే నూకాలుకి సంతలో కొట్టు కావాలి. దరఖాస్తుకి ఆ రోజే ఆఖరు. ఫోన్లో చూస్తే దరఖాస్తు పేజీ సగమే వస్తోంది. సంత ఆఫీసుకెళ్లి అడిగింది.

"కంప్యూటర్లో పెడితేనే తీసుకుంటాం. ఫోన్లో చెల్లదు," అన్నాడు సంత అధికారి గవరయ్య, మీసం దువ్వుకుంటూ.

నూకాలు అక్కడే నిలబడి ఫోన్లో 'డెస్క్‌టాప్ సైట్' అన్నచోట నొక్కింది. కంప్యూటర్లో కనబడేలాగే పేజీ మొత్తం వచ్చింది. ఆవగింజలంత అక్షరాల్ని వేళ్లతో సాగదీసుకుంటూ నింపి పంపేసింది.

"ఫోన్లో పెట్టావుగా, తీసి పారేస్తా!"

"ముందు మీ కంప్యూటరు తెర చూడండి బాబూ."

తెర మీద 'కంప్యూటరు నుంచి అందింది' అని ఉంది.

"ఇది ఫోనే కదే!"

"మీ కంప్యూటరేమో దీన్ని చెల్లెలంటోంది. అక్కాచెల్లెళ్ల మధ్య మనమెందుకు బాబూ?"

గవరయ్యకి నవ్వాగలేదు. దరఖాస్తు ఖాయం చేసి, తన ఫోను ఆమె ముందుకు తోశాడు.

"ఎక్కడ నొక్కాలో నాకూ చూపించమ్మా!"