ఇసుకలో నిద్రపోయిన జీవులు

ఇసుకదిబ్బలపల్లెలో మద్దిలేటి, అతని పెళ్ళాం సుంకులమ్మ, తమ్ముడు రంగముని ఉండేవాళ్ళు. తెలివిలో తమకు సాటి లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మాకు రెండోసారి చెప్పే పనే లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాడు మద్దిలేటి. ఊళ్ళోవాళ్ళు మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ ఊరికి వానంటే ఏమిటో గుర్తులేదు. అంత ఎండిన ఇసుకలోనూ ఏవో జీవులుంటాయని, వాటి సంగతి తేల్చడానికి పట్నం నుంచి ఇందుమతి మేడం వచ్చింది. దిబ్బలన్నీ తిరిగి, డబ్బాడు మట్టి తవ్వి, వీళ్ళింట్లో పెట్టింది.

"ఇందులో కంటికి కనబడని జీవులున్నాయి. నీళ్ళు లేక నిద్రపోతున్నాయి. చుక్క తగిలితే లేస్తాయి. అవి లేవడం నేను దగ్గరుండి చూడాలి. లేకపోతే నా ఏడాది కష్టం వృథా. టౌనుకెళ్ళి మైక్రోస్కోపు తెస్తాను. అందాకా డబ్బా మీద ఓ కన్నేసి ఉంచండి" అని జీపెక్కింది.

అంతే. రంగముని బోర్లా పడుకుని కుడికన్ను తెచ్చి డబ్బాకి ఆనించాడు.

"రెండోది మూసెయ్యి. ఓ కన్నే వెయ్యమంది" అంది సుంకులమ్మ.

"మూత మీద కన్నేస్తే మూతనే కాపలా కాసినట్టు కదా" అన్నాడు మద్దిలేటి, మూత తీసేస్తూ. గొంతు తగ్గించి, "మెల్లగా మాట్లాడండి, పడుకున్నాయి" అన్నాడు.

రంగముని డబ్బాలోకి వంగితే మట్టి ఎగిరి కంట్లో పడింది. కన్ను చెమ్మగిల్లింది. "అన్నా, నీళ్ళొస్తున్నాయి" అన్నాడు రంగముని. చుక్క రాలేలోగా అతన్ని కాళ్ళు పట్టి అవతలికి లాగారు.

"నీళ్ళతోనే ముప్పు. ఇంట్లో చుక్క లేకుండా చేస్తే సరి" అంది సుంకులమ్మ. ఆ ఊళ్ళో నీళ్ళు పారబోస్తే పాపం. అందుకని ముగ్గురూ కూర్చుని బానెడు నీళ్ళూ తాగారు. కడుపులు డప్పులయ్యాయి. ఆఖరి గుక్క మింగుడుపడక మద్దిలేటి బుగ్గలో పెట్టుకున్నాడు. అప్పుడే జీపు వచ్చింది. కంగారులో డబ్బా చేతికెత్తుకుని ఎదురెళ్ళాడు.

"మూతెందుకు తీశారు?" అంది మేడం.

మద్దిలేటి పలకలేదు.

"నీళ్ళు నమలకుండా చెప్పు."

ఈవిడకెలా తెలిసిందా అని మద్దిలేటి నోరు తెరిచాడు. ఇంకేముంది, గుక్కెడు నీళ్ళూ డబ్బాలో పడ్డాయి.

మేడం గడప మీద కూలబడింది. ముగ్గురూ తలొంచుకున్నారు. "తప్పయింది మేడం" అన్నాడు రంగముని. ఆవిడ డబ్బాలోకి చూసింది. మట్టి మీద లేత ఆకుపచ్చ రంగు తేలుతోంది. గబగబా చిటికెడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. మొహం విప్పారింది.

"లేచాయి. ఇన్నేళ్ళ ఎండకీ చావలేదు. నా కళ్ళముందే లేచాయి" అంది. ఫొటో తీద్దామని కెమెరా కోసం జీపు దగ్గరికి పరిగెత్తింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పాపం, ఎన్నేళ్ళకి లేచాయో" అంది సుంకులమ్మ. "మనింట్లో నిద్రలేచినవాళ్ళని ఊరికే కూర్చోబెడతామా?"

మేడం సామానంతా వెతికి కెమెరాతో వచ్చేసరికి డబ్బా నిండా చిక్కటి పాలకాఫీ పొగలు కక్కుతోంది.

సుంకులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "చక్కెర చాలకపోతే మొహమాటపడకుండా అడగమనండి మేడం" అంది.