నల్లజీడి తాడు

అనగనగా ఒక ఊళ్ళో, కొండకి కాస్త దిగువన, పైడమ్మ అనే బాలింత ఉండేది. తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. పిల్ల బొద్దుగా మిసమిసలాడుతూ ఉంది. చూసినవాళ్ళంతా "ఎంత బావుందో!" అన్నారు.

ఆ మాటకి అత్త అప్పలనరసమ్మ గుండె జారింది. ఆవిడ బిడ్డల్లో ఇద్దరు పసితనంలోనే పోయారు. దిష్టే మింగేసిందని ఆవిడ నమ్మకం. అప్పుడు కొండమీంచి పచ్చి నల్లజీడి గింజలు ఏరుకొచ్చింది. సూదితో ఒకదానికి బెజ్జం పొడిచి, తాడుకి గుచ్చి, కోడలి మెడలో కట్టింది. తల్లికి దిష్టి తగలకపోతే పిల్లకీ తగలదట.

ఎండిన పాతగింజ కట్టడం ఆ ఊళ్ళో వాడుకే. కానీ పచ్చిగింజని పొడిస్తే నల్లటి రసం కారుతుంది బుజ్జీ. అది ఒంటికి తగిలితే నిప్పే.

రెండో పొద్దుకి పైడమ్మ మెడ ఎర్రబడింది. దురద, మంట. ఆ తర్వాత నీటిపొక్కులు లేచాయి.

"అమ్మో, అంటురోగం! ఏం తప్పు చేసిందో ఏమో," అంటూ అత్త పిల్లని లాక్కుని లోపలికి పోయింది. పైడమ్మకి పశువులపాకలో చాప వేశారు. మొగుడు సన్నాసిరావు అటు చూశాడు, ఇటు చూశాడు, పొలానికి పోయాడు. ఇలాంటప్పుడు మగాళ్ళకి పొలంలో భలే పని తగులుతుంది.

అప్పుడు రెండో గింజ వచ్చింది. అత్త దగ్గరికి రాలేదు. దిష్టి కూడా తగిలిందేమోనని, కొత్తగా గుచ్చిన తాడుని గడపలోంచే విసిరి, "చేతికి కట్టుకో" అంది. పైడమ్మ కట్టుకుంది. ఆ తర్వాత మణికట్టు చుట్టూ పొక్కులు లేచాయి.

లోపల పిల్ల మేకపాలు కక్కి ఏడుస్తోంది. పాకలో తల్లికి పాలు చేపి రవిక తడిసిపోతోంది.

ఏడుస్తూనే పైడమ్మ తన ఒళ్ళు చూసుకుంది. మెడకి పొక్కులు. మణికట్టుకి పొక్కులు. మధ్యలో చెయ్యంతా నున్నగా ఉంది. 'తప్పు చేస్తే ఒళ్ళంతా కలిసే చేసుంటుంది కదా. మరి ఈ రోగం తాడు మేరకే నడుస్తుందేం?' అనుకుంది.

అంతలో ఇంటి తలుపు సందులోంచి కనిపించింది. అత్త మూడో గింజ గుచ్చి, పిల్ల మొలకి కట్టబోతోంది.

పైడమ్మ ఒక్క అంగలో గడప దాటింది. అత్త చెయ్యి పట్టుకోలేదు. ఎదురుగా నిలబడింది.

"అత్తా, నీ వేళ్ళు చూపించు."

"నా వేళ్ళకేమొచ్చింది?" అని అత్త చేతిని కొంగులో దాచుకుంది.

"చూపించు."

చూపించింది. సూది పట్టిన బొటనవేలుకి, గింజ పట్టిన వేళ్ళకి, అవే పొక్కులు.

"పొక్కులు లేచాక నేను నిన్ను ముట్టుకోలేదు కదా, నీకెలా వచ్చింది అత్తా? నువ్వేం తప్పు చేశావు?"

అప్పలనరసమ్మ గింజ వంక చూసింది. పిల్ల వంక చూసింది. తాడు నేల మీద పడేసి, "దీన్ని పొయ్యిలో పారేస్తా" అంది.

"వద్దు. ఆ పొగ కళ్ళకీ గొంతుకీ పడదు. పాతేద్దాం."

పైడమ్మ మెడలో తాడు, చేతి తాడు కూడా విప్పేసి, గింజలన్నీ గుంట తీసి పాతేశారు. ఆ తర్వాత ఇద్దరూ నూతి దగ్గర కూర్చున్నారు. సబ్బు రాసి, చల్లటి నీళ్ళు ధారగా పోసి కడుక్కున్నారు. రసం అంటిన బట్టలు విడిగా ఉతికారు. గోళ్ళు కత్తిరించుకున్నారు. పొక్కులు చిదపలేదు, గోకలేదు, తడిగుడ్డ వేసుకున్నారు. పైడమ్మ శుభ్రంగా కడుక్కుని, వేరే చీర కట్టుకుని, పిల్లని రొమ్ముకి అదుముకుంది.

మర్నాడు ఆసుపత్రి నర్సమ్మ పూతమందు ఇచ్చింది. "పొక్కుల్లో నీరు రోగం అంటించదు, ఆ రసమే అంటిస్తుంది. మొహం వాచినా, ఊపిరాడకపోయినా మాత్రం పరిగెత్తుకురండి," అని చెప్పింది.

పక్షం తిరిగేసరికి పొక్కులు మాడిపోయాయి. 'ఎంత బావుందో' అన్నవాళ్ళ కళ్ళకి పాపం, అంత శక్తి ఎక్కడిది!

మరి అత్త వేళ్ళకి మందు ఎవరు రాశారంటావా? ఎవరు రాస్తారే! పైడమ్మే రాసింది. రాస్తూ రాస్తూ, "ఇంకోసారి రోగమొస్తే ముందు ఒళ్ళు చూడు అత్తా, తప్పులు తర్వాత వెతుకుదువుగాని," అంది.

గింజ పోయె గుంటకి,
పిల్ల చేరె తల్లికి,
కథ పోయె కంచికి,
నిద్ర రావె కంటికి,
మనం పోదాం ఇంటికి.