వరస తప్పిన కబురు

ఆకివీడు అవతల రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఒక ఊళ్ళో కిరీటి అనే కుర్రాడు ఉండేవాడు. తెలివితేటలకు వంక పెట్టలేం గాని, ఒక్క క్షణం ఆగమంటే మాత్రం ఒంటికి కారం రాసుకున్నవాడిలా గిలగిల్లాడిపోయేవాడు. అన్నం ఉడుకుతుంటే మూత తీసి తీసి చూసేవాడు. బస్సు నిలబడక ముందే దిగేవాడు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేవాడు.

అతను రైతుల సంఘం నడిపే పరీక్షల కేంద్రంలో పనిచేసేవాడు. రైతులు పొద్దున్నే తమ చెరువు నీళ్ళు ఒక సీసాలోనూ, కాసిని రొయ్యలు ఒక సంచిలోనూ తెచ్చి అక్కడ ఇచ్చి వెళ్ళేవారు. నీటి పరీక్ష ఒక గదిలో జరిగేది. రొయ్యకు జబ్బు ఉందా లేదా అన్న పరీక్ష పక్క గదిలో జరిగేది. నీటి ఫలితం త్వరగా తేలేది, రొయ్య ఫలితానికి పొద్దెక్కేది. రెండూ కలిపి చూస్తే గాని ఆ చెరువుకు ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఆ కలిపే పనిని కిరీటి కంప్యూటరుకు అప్పగించాడు. అందుకు ప్రోగ్రాములు రాయనక్కర్లేదు. తెర మీద డబ్బాలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి గీతలు లాగితే చాలు. ఒక డబ్బా ఫలితాలు అందుకునేది. ఇంకోటి ఆ రోజు వచ్చినవాటన్నిటికీ రెండు గదుల్లోనూ పని పూర్తయ్యేదాకా ఆగేది. తర్వాతది చెరువు నంబరు చూసి నీటి ఫలితాన్నీ రొయ్య ఫలితాన్నీ జత చేసేది. చివరిది రైతు ఫోనుకు కబురు పంపేది. కొన్నాళ్ళు అంతా సవ్యంగానే నడిచింది.

కాని జనం నోరు ఊరుకోదు కదా. ఆ ఊరి పెద్ద రైతు సూర్రాజు ఒకరోజు నలుగురిలో నవ్వాడు.

"ఏం బాబూ, పొద్దున్న ఇచ్చిన సంచికి సాయంత్రం జవాబా? నీ కంప్యూటరు కన్నా మా పాలేరు సైకిలు నయం" అన్నాడు.

ఆ మాట కిరీటికి ముల్లులా గుచ్చుకుంది. తిన్నగా కేంద్రానికి వెళ్ళి ఆగే డబ్బాను తీసేశాడు. నంబరు చూసి జత చేయడం కూడా అతనికి నచ్చలేదు. ఎవరైనా ఒక అంకె తప్పుగా కొడితే జత దొరక్క ఆ కబురు ఇరుక్కుపోయేది, మళ్ళీ ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. అందుకని అదీ మార్చేశాడు. మొదట వచ్చిన నీటి ఫలితానికి మొదట వచ్చిన రొయ్య ఫలితం, రెండోదానికి రెండోది, అలా వరసగా కలుపుకుపొమ్మన్నాడు.

రొయ్యలను పరీక్షించే నాగమణి గారికి ఈ సంగతి తెలిసింది.

"వరస తప్పితేనో, కిరీటీ?" అంది ఆవిడ.

"ఎందుకు తప్పుతుందండీ? సీసా, సంచి కలిపే ఇస్తారు. రెండు గదుల్లోకీ ఒకే వరసలో పోతాయి."

"పోనీ, నంబరు చూడ్డం మాత్రం ఉంచు."

"మీరు మరీ భయపడతారండీ" అని నవ్వేశాడు.

ఇక కబుర్లు మధ్యాహ్నం భోజనాల వేళకే రాసాగాయి. సూర్రాజు స్వయంగా వచ్చి భుజం తట్టాడు. మనవాడు నేల మీద నడవడం మానేశాడు.

ఆ ఊళ్ళోనే కిరీటి అక్క సీతారత్నం ఉండేది. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆమే. ఆమే, భర్త రామభద్రరాజూ ఒక చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచేవారు. అంతకుముందు పంటలు వరసగా జబ్బుతో పోయాయి. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి కూలికి పోవలసిందే. ఆ సంగతి కిరీటికి తెలుసు. అక్క రోజూ గట్టు మీద నిలబడి నీళ్ళకేసి చూడడం అతను చూస్తూనే ఉన్నాడు.

అంతలో ముసురు పట్టింది. అటువంటి వాతావరణంలోనే రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు సోకుతుంది. సోకిన చెరువును ఆ రోజే వల వేసి పట్టేసి అమ్ముకుంటే సగమైనా చేతికొస్తుంది. ఆలస్యమైతే ఏమీ మిగలదు. ఆ ఉదయం రైతులందరూ సీసాలు, సంచులు పట్టుకుని కేంద్రానికి పరుగెత్తారు. సూర్రాజు సంచి చిల్లుపడి రొయ్యలు ఎండిపోయాయి. మళ్ళీ తెప్పించాలని నాగమణి గారు దాన్ని పక్కన పెట్టి, తర్వాతి సంచి తీసుకుంది. అది సీతారత్నం ఇచ్చింది.

అంతే, వరస తప్పింది. సూర్రాజు నీళ్ళకు సీతారత్నం రొయ్యలు జతపడ్డాయి. సీతారత్నం నీళ్ళకు ఆ తర్వాతి రైతు రొయ్యలు జతపడ్డాయి. కంప్యూటరు ఎక్కడా తడబడలేదు. తెల్లమచ్చ వచ్చింది, వెంటనే పట్టేయండి అని సూర్రాజుకు కబురు పోయింది. అంతా బాగుంది, మేత మామూలుగా వేయండి అని సీతారత్నానికి పోయింది.

సూర్రాజు ఆదరాబాదరాగా వల వేయించి, నిక్షేపంలాంటి పిల్ల రొయ్యలను వచ్చిన ధరకు తెగనమ్మేశాడు.

సాయంత్రం సీతారత్నం తమ్ముడికి ఫోను చేసింది.

"తమ్ముడూ, రొయ్య మేత ముట్టట్లేదురా. గట్టు వారకి వచ్చేస్తోంది. పట్టేయమంటావా?"

"కబురు వచ్చిందిగా అక్కా, బాగుందని?"

"వచ్చింది. కాని నా కళ్ళకి బాగున్నట్టు లేదురా. మళ్ళీ ఒకసారి చూడకూడదూ?"

"ముసురుకి అలాగే ఉంటాయిలే. నువ్వు మేత వేసెయ్" అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చూడ్డమంటే పక్క గదిలోకి వెళ్ళి నాగమణి గారిని అడగడమే. ఆ కాస్త దూరం కూడా అతను నడవలేదు.

మర్నాటికి చెరువు గట్టు పొడుగునా రొయ్యలు ఎర్రబడి చచ్చి పడున్నాయి. కిరీటి వాటిలో కొన్నింటిని తీసుకుని కేంద్రానికి పరుగెత్తాడు. నాగమణి గారు చెరువు నంబరు విని తెల్లబోయింది.

"దీనికి తెల్లమచ్చ ఉందని నిన్ననే కంప్యూటరులో ఎక్కించాను కదయ్యా. ఇది మీ అక్కగారిదా? ఇంకా పట్టలేదా?" అంది.

అప్పుడు గాని ఏం జరిగిందో కిరీటికి బోధపడలేదు. సూర్రాజు వచ్చి నానా మాటలూ అన్నాడు.

జబ్బు నీళ్ళు కాలువలో కలిస్తే పక్క చెరువులూ పోతాయి. అందుకని రామభద్రరాజు తన చెరువులో తానే బ్లీచింగు చల్లుకున్నాడు. బతికున్న నాలుగు రొయ్యలూ ఆయన చేతి మీదుగానే చచ్చాయి. సీతారత్నం గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కిరీటి వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నా కళ్ళతో నేను చూశానురా" అంది ఆమె. "చచ్చిపోతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా నువ్వు చెప్పావు కదాని మేత వేశాను."

కిరీటికి ఏడుపు ఆగలేదు. అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. రామభద్రరాజు చేతులు కడుక్కుంటూ అతనికేసి చూశాడు.

"ఇక్కడ ఏడవకు, కిరీటీ. నువ్వు ఏడిస్తే మీ అక్క నిన్ను ఓదార్చాలని చూస్తుంది. దానికి ఇప్పుడు అంత ఓపిక లేదు" అన్నాడు.

ఆ నెలలోనే వాళ్ళు చెరువు వదిలేసి, రొయ్యలు వలిచే షెడ్డులో కూలికి కుదిరారు. కిరీటి డబ్బాలన్నీ మళ్ళీ సరిగ్గా పేర్చాడు. అప్పటి నుంచి ఏ కబురూ తప్పుగా పోలేదు. అయితే అందులో సీతారత్నానికి వెళ్ళే కబురు లేదు. ఆమె ఇప్పటికీ తమ్ముణ్ణి పలకరిస్తుంది, అన్నం పెడుతుంది. ఏ విషయంలోనూ సలహా మాత్రం అడగదు. అతను అడగమని అనలేడు.

నీతి: సరిచూసుకోకుండా తొందరపడి కలిపితే రెండు నిజాలు కూడా ఒక అబద్ధమవుతాయి, ఆగవలసిన చోట ఆగనివాడు మొదట ముంచేది తనను నమ్మినవాళ్ళనే.