గుట్ట మీది నత్తగుల్లలు

వినండి బాబూ! గుట్ట మీద నత్తగుల్లలు దొరికాయని ఆస్థాన పండితుడు శేషాద్రిభట్టు రాజుగారిని పరుగున తీసుకొచ్చాడు. "ప్రళయజలాలు ఇక్కడిదాకా వచ్చాయనడానికి ఇవే సాక్ష్యం ప్రభూ!" అని ఒకదాన్ని కళ్ళకద్దుకున్నాడు. "మండపం కట్టిద్దాం. ఆ గుడిసె పీకించండి!"

గుడిసె నత్తలేరుకుని బతికే నూకాలుది. ఆమె ముందుకొచ్చి భట్టుగారిని అడిగింది.

"అయ్యా, గుల్లలన్నిటికీ తోకలెందుకు విరిగాయంటారు?"

"ప్రళయం ధాటికి!"

"కాదయ్యా, నా పళ్ళ ధాటికి. తోక కొరికి జుర్రితేనే మాంసం వస్తుంది. అది నా నిన్నటి కూర!"

రాజుగారు పగలబడి నవ్వారు. "అయితే ప్రళయాన్నే నమ్మవా, నూకాలూ?"

"నమ్మకేం దొరా! చేపై వచ్చి లోకాన్ని గట్టెక్కించిన సామికి నా ఎంగిలా సాక్ష్యం?"

రాజుగారు చేతులు జోడించి, గుడిసె జోలికి ఎవరూ పోవద్దన్నారు. భట్టుగారు అప్పటికే స్నానానికి ఏటివైపు పరుగెడుతున్నారు.