చీటీలో లేని పొదుగు

ఏటిగట్టు మందలో పాలిచ్చే ప్రతి తల్లీ రోజుకొక చెంబు పాలు నక్కకు పోసేది. బదులుగా ఎవరికి జబ్బు చేసినా మందివ్వడం నక్క పని. దీనికి ఆరోగ్య రక్షణ అని పేరు పెట్టిందీ, రెండేళ్లుగా ఆ పాలు తాగి నిగనిగలాడుతున్నదీ నక్కే.

కాటుక అనే గేదెకు పొదుగు వాచింది. నొప్పికి దూడను దగ్గరికి రానివ్వలేకపోయింది. రెండు రోజులుగా దూడ పస్తు. వైద్యం చేసే కొంగ వచ్చి చూసి, ఎద్దుల మెడపుండుకు వాడే లేపనం రాయమంది. ఇద్దరూ నక్క దగ్గరికెళ్లి ఆ లేపనం అడిగారు.

"కుదరదమ్మా," అంది నక్క, డబ్బా మీది చీటీ చూపిస్తూ. "ఎద్దుల మెడపుండుకు అని రాసుంది. పొదుగు మాట ఎక్కడైనా ఉందా?"

"వేరే మందల్లో నాలుగు గేదెలకు రాయించాను. నాలుగింటికీ తగ్గింది," అంది కొంగ.

"సంతోషం డాక్టరమ్మా. చీటీలో లేనిదానికి ఇస్తే రేపు కుందేలు చెవిపోటుకీ అడుగుతుంది."

"చీటీ రాసేముందు ఎద్దుల్ని పిలిచి పూసి చూశారు," అంది కాటుక. "పొదుగున్నదాన్ని ఒక్కదాన్నైనా పిలిచారా?"

"అదంతా నాకెందుకు? దేనికని ఉన్నది దానికే వాడాలి. నియమం!"

"నిజమేనా?"

"నా తోక మీద ఒట్టు!"

"అయితే చెప్పు, నా పాలు ఉన్నది ఎవరికి?"

నక్క చూపు పాలచెంబుల మీదికి జారింది.

"నా దూడకి. ఇక్కడ ఇరవైమంది తల్లులం ఉన్నాం. నక్క తాగాలని ఎవరికైనా పాలొచ్చాయేమో అడుగు!"

"అది వేరమ్మా..."

"నాకు వాపొస్తే నియమం, నీకు దాహమేస్తే వేరా?"

వెనకాల నిలబడ్డ ఆవులూ మేకలూ పకపకా నవ్వాయి. పొయ్యడానికి తెచ్చిన చెంబులు వెనక్కి లాక్కున్నాయి.

"మా పాల మీద నీ పేరు రాసిలేదు బాబూ," అంది ముసలి మేక.

నక్క గబగబా డబ్బా ముందుకు తోసింది. "నీకొక్కదానికే ఇస్తాలే, తీసుకో."

కాటుక డబ్బా ముట్టుకోలేదు. "నీ దయ నాకొద్దు. డాక్టరమ్మ చెబితే ఎవరికైనా ఇవ్వాలని రాయి. అందరి ముందూ రాయి."

నక్క రాసింది. కొంగ చదివి, సరేనంది. అప్పుడు గానీ కాటుక పొదుగుకు లేపనం రాయనివ్వలేదు. నాలుగోరోజు దూడ కడుపు నిండా తాగింది. ఆ మందలో ఇప్పుడు దూడలు తాగాక మిగిలితేనే నక్కకు పాలు.

నీతి: మనల్ని అడక్కుండా రాసిన నియమాన్ని మనమే తలెత్తి నిలబడి దిద్దించాలి.