అత్త పెనం భద్రంగా తెచ్చారు

పిల్లలూ, దూరాన పెరుగుతున్నారు కదా, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. ఇలా వచ్చి కూర్చోండి.

వరహాలు, తవుడు, గంగులు అని ముగ్గురు కామర్స్ చదివేవారు. "మేష్టారు చెప్పింది చెప్పినట్టు చేసే బుర్రలు మనవేరా!" అని తెగ మురిసిపోయేవారు.

ఒకరోజు మేష్టారు ఏదైనా వ్యాపారం చేసి చూపించమన్నారు. వరహాలు మేనత్త సన్నాసమ్మ దోసెలమ్ముకుని బతికేది. ఆవిడ కాస్త పిండీ, తన పోత ఇనప పెనమూ ఇచ్చి, "ఒరే వరాలూ, ఇది లేకపోతే రేపు నా పొయ్యి వెలగదు. భద్రం నాయనా!" అంది.

"నా ప్రాణం అడ్డేస్తానత్తా!" అన్నాడు వరహాలు.

పోటీ లేని చోట కొట్టు పెట్టమని మేష్టారు పాఠంలో చెప్పి ఉన్నారు. అంతే! బజారు దాటి, ఊరు దాటి, రాళ్ళగుట్ట ఎక్కి కూర్చున్నారు.

"చూశార్రా, కనుచూపు మేరలో ఇంకో దోసెల కొట్టుందా?" అని గంగులు మీసం దువ్వాడు.

మిట్టమధ్యాహ్నం మేకలవాడొకడు వచ్చి దోసె అడిగాడు. తవుడు పొయ్యి వెలిగించబోతే వరహాలు చెయ్యి పట్టుకున్నాడు.

"ఖర్చు తగ్గించమన్నారు కదరా! ఎండ ఊరికే వస్తోంటే కట్టెలెందుకు?"

ఇంకేముంది, చల్లటి పెనం మీద పిండి పోసి, కాసేపు చూసి, గరిటెతో తీసి ఆకులో వేశారు.

"ఇది దోసా, గోడకేసే సున్నమా?" అని తిట్టుకుంటూ పోయాడు మేకలవాడు. మిగిలిన పిండి మేకలు నాకేశాయి.

"పోనీలే, సరుకు మిగల్లేదు" అన్నాడు తవుడు.

వరహాలు మాత్రం పెనాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఒరే, ఇక మన ఆస్తి ఈ పెనమొక్కటే. దీనికేమైనా అయితే అత్తకి పస్తే! ఆస్తంతా ఒకే చోట పెట్టొద్దని మేష్టారు చెప్పలేదూ?"

అంతే! బండరాయెత్తి పెనాన్ని నాలుగు ముక్కలు చేశారు. ముగ్గురూ తలో ముక్క తమ ఇళ్ళలో దాచారు. నాలుగోది వరహాలు తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాడు.

"నా పెనమేదిరా?"

"భయపడకత్తా! ఇప్పుడు దొంగ పడినా పావు పెనమే పోతుంది."

సన్నాసమ్మ అట్లకాడ తీసి వీపు మీద ఒక్కటిచ్చింది. రెండోది ఇవ్వబోతుంటే వరహాలు చేతులడ్డం పెట్టాడు.

"ఆగాగు! అన్నీ ఒకే చోట వద్దత్తా! తవుడినీ గంగుల్నీ పిలుస్తానుండు!"

మీరూ ఈ కథని మీ దగ్గరే ఉంచుకోకుండా నలుగురికీ చెప్పండి. పెనం జోలికి మాత్రం పోకండి నాన్నా.