ప్రభువుల పటెల్లా

ఈ వృత్తాంతం చెప్పినవారు వేములదుర్గం దఫ్తరఖానాలో నలభై ఏళ్లు పనిచేసిన అప్పలాచార్యులుగారు. వారికి చెప్పినవారు ఆనాటి సభలో చామరం వీచిన వారి తాతగారు. ఇందులో అతిశయోక్తి ఏదైనా ఉంటే అది ఆ చామరం గాలికి చేరినదే.

వేములదుర్గాన్ని ఏలే ఉద్దండరాయలు పల్లకి దిగబోయి మోకాలిమీద పడ్డాడు. ఎముకలు కట్టే ఓబన్న మినప్పిండి, గుడ్డుసొన కలిపి పట్టువేసి, నెల తిరక్కుండా ఆయనను నడిపించాడు.

"ఏమైందిరా మా మోకాలికి?" అని సభలో అడిగాడు రాజు.

"చిప్ప జారింది దొరా. ఎక్కించాను."

ఆస్థాన వైద్యుడు వరదాచారి చివాలున లేచాడు. "చిప్పా! ముష్టివాడి చేతిలోది ప్రభువుల దేహంలో ఉంటుందా? దాని పేరు పటెల్లా. లాటిను!"

రాజు ముఖం కందగడ్డయింది. "పొద్దుగుంకేలోగా వీడు పొలిమేర దాటాలి! డాక్టరుకు శాలువా తెండి!"

"మా తాతలనాటి పేరే అన్నాను దొరా! పిల్లాజెల్లాతో ఎక్కడికి పోను?" అన్నాడు ఓబన్న.

విదూషకుడు పేరిశాస్త్రికి ఒళ్లు మండింది. కాలు నిలబెట్టినవాడికి వెలి, పేరు పలికినవాడికి శాలువానా! ఆ మంట దిగమింగి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, ఇంతటి దివ్యనామాన్ని రాగిరేకుపై చెక్కించాలి. పరభాషాపదం రేకుకెక్కాలంటే, తెచ్చినవారే దాని అర్థం సభలో చదవాలన్నది మన ఆచారం కదా?"

"చదవాల్సిందే!" అన్నాడు రాజు, మురిసిపోతూ.

వరదాచారి తడబడ్డాడు. "అర్థమెందుకండీ? గంభీరంగా ఉంది, చాలదూ?"

"అయ్యో, తమ లాటిను నిఘంటువే తెప్పించాను. కానివ్వండి" అంటూ పేరిశాస్త్రి పుస్తకం చేతికిచ్చాడు.

వరదాచారి పుట తిప్పాడు. "చిన్న... పళ్ళెం."

"పూజకా?" అన్నాడు పేరిశాస్త్రి.

"వంటకు."

పేరిశాస్త్రి మంట ఇక దాగలేదు. "ఓబన్న ఇంటి చిప్ప తప్పు, రోము వంటింటి చిప్ప ఒప్పూనా! వెలి వేస్తే ఇద్దరినీ వేయండి ప్రభూ! ఒక్క మనవి. ఈరోజు తమరు సభకు నడిచివచ్చింది లాటినుతో కాదు, ఓబన్న కట్టుతో!"

రాజు తన మోకాలివైపు చూసుకున్నాడు. మీసం కదిలింది. ఆపైన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కాలు కలుక్కుమంటే, "ఒరే ఓబన్నా, నా చిప్ప చూడరా!" అని కేకపెట్టాడు.

ఓబన్నకు వెలి రద్దయి రెండెకరాల ఈనాం దక్కింది. శాలువా పేరిశాస్త్రి భుజాన పడింది. వరదాచారి ఆపైన నిఘంటువు చూడనిదే సభలో నోరు విప్పలేదు. చెక్కడానికి తెచ్చిన రాగిరేకును కంసాలి పళ్ళెంగా సాగగొట్టాడు. ఓబన్న బతికినన్నాళ్లూ మినప్పిండి అందులోనే కలిపాడు.